ఉరవకొండలో పడవ ప్రమాదం

మా ఉరవకొండలో నాకు తెలిసి పడవ ప్రమాదం ఒక్కటే జరిగింది. దానికి కారకుణ్ణి నేనే. ప్రమాదం జరిగిన చోట నది లేదు. చెరువు ఒకటి ఉంది కానీ, ఆ ఏడు అందులో గొర్రెలు మేస్తున్నాయి. సముద్రం మాట సరేసరి, తిరుపతికి పోయినవాళ్లలో కొందరు పనిలో పనిగా మద్రాసు దాకా పోయి చూసి వచ్చారంతే. ఇన్ని అడ్డంకులున్నా పడవ ప్రమాదం చేయగలిగానంటే, అందులో నా సొంత కృషి ఎంత ఉందో మీరే ఆలోచించండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. బీకాంలో రెండు సబ్జెక్టులు మిగిలి ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి, వాటినెవరూ ముట్టుకోలేదు. మా నాయనకు పదెకరాల మెట్ట చేను, ఊరి బయట ఒక వేరుశనగ గోడౌను ఉండేవి. నేను చేనుకు పోకుండా బస్టాండు వెనక ఒక గది తీసుకుని లారీ బుకింగ్ ఆఫీసు పెట్టాను. కుర్చీలో కూర్చుని ఫోన్లో మాట్లాడటాన్ని కూడా పని అంటారని మా నాయన చివరిదాకా ఒప్పుకోలేదు.

బోర్డు మీద "ఆల్ ఇండియా సర్వీస్" అని రాయించాను. రాసేసి పెయింటరు వెనక్కి జరిగి చూశాడు.

"అన్నా, కింద జాగా మిగిలిపోయింది. ఏమన్నా రాయాల్నా?"

"అండ్ ఫారిన్ అని రాయి."

జాగా ఖాళీగా ఉంటే బాగుండదని రాయించిన మాట అది. దాన్ని చదివి నిజంగా ఒక ఫారిన్ మనిషి లోపలికి వస్తాడని నేను అనుకోలేదు.

వచ్చినాయన పేరు లార్స్. డెన్మార్క్ దేశస్థుడు. మా చుట్టుపక్కల గుట్టల మీద గాలిమరలు పెట్టారు కదా, వాటి రెక్కలు చీలితే అతికే ఇంజనీరు. లార్స్ అనే పేరు మా ఊళ్లో రెండు రోజులకే లారీ సారు అయింది. ఆయన కూడా ఎవరైనా లారీ సారూ అంటే వెంటనే పలికేవాడు. మా నాయన గోడౌన్లో సగం ఆయనే అద్దెకు తీసుకున్నాడు. వానలు లేక కాయలు రాక అది ఎలాగూ ఖాళీగానే ఉండేది. రెండేళ్లపాటు రోజూ డ్యూటీ దిగి వచ్చి అందులో కూర్చుని ఏదో చెక్కేవాడు, అతికేవాడు, నున్నగా రుద్దేవాడు. చూడ్డానికి జనం వచ్చేవాళ్లు.

"పశువులకు తొట్టి చేస్తాండావా సారూ?" అని అడిగేవాళ్లు.

"తొట్టి కాదప్పా. పడవ" అనేవాడు లారీ సారు. ఆయన తెలుగంతా ఉరవకొండలోనే నేర్చుకున్నది.

జనం తలూపి, బయటికి వచ్చాక తొట్టి అనే చెప్పుకునేవాళ్లు. మా ఊళ్లో పడవకేం పని?

పని ఆయన కూతురికి. ఫ్రేయా అని తొమ్మిదేళ్ల పిల్ల. ఈయన ఇండియాకు బయలుదేరిన రోజు ఆ పిల్ల తలుపు మూసుకుని బయటికి రాలేదట. వచ్చేటప్పుడు నా చేతులతో నీకొక తెరచాప పడవ చేసి తెస్తానని మాటిస్తే తలుపు తీసిందట. అప్పటినుంచి రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో ఆ రోజు ఎంత పని అయిందో చూపించాల్సిందే. పద్నాలుగు అడుగుల పడవ. ముక్కు పక్కన ఆ పిల్ల పేరే రాశాడు.

డ్యూటీ అయిపోయి ఇంటికి పోయే వారాలు దగ్గరపడ్డాక ఆయన నా ఆఫీసు ముందు నిలబడి బోర్డు రెండుసార్లు చదివాడు.

"రామాంజీ, ఫారిన్ అని రాసినావు. నిజమేనా?"

"నిజమే సారు."

"ముందు పంపినావా?"

"సరుకు దాటించినాము సారు" అన్నాను. అబద్ధం కాదు. బళ్లారికి చాలాసార్లు దాటించాను. బళ్లారిని మావైపు ఎవరూ ఫారిన్ అనరు గానీ, అక్కడి కాగితాలు కన్నడలో ఉంటాయి.

ఆయన నమ్మాడు. ఆ క్షణంలో నాకు కొంచెం భయం వేసి ఉండాలి. వేయలేదు. ఫోన్లో వెతికి చెన్నైలో ఓడ సరుకు పంపే ఏజెంటును పట్టుకున్నాను. కస్తూరి మేడం అని, తెలుగావిడే, గొంతు గట్టిది.

"సరుకేమిటి?" అంది.

"పడవ మేడం."

"పడవలో ఏం సరుకు?"

"పడవే సరుకు మేడం."

"ఎక్కడుంది?"

"ఉరవకొండలో."

"అది ఏ రేవు పక్కన?"

"గుంతకల్లు జంక్షన్ పక్కన మేడం."

అవతల కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది.

"కొత్తదా, వాడినదా?"

"కొత్తదే. ఇంతవరకు నీళ్లు తగల్లేదు."

"మరి తేలుతుందని ఎలా తెలుసు?"

"సారు చెప్పినాడు మేడం."

అప్పటినుంచి నేను ఏ ఫోన్ చేసినా ఆవిడ ముందుగా ఒక నిట్టూర్పు విడిచి తర్వాత హలో అనేది. కానీ పనిలో ఘటికురాలు. ఇరవై అడుగుల కంటైనర్ మా గోడౌను ముందుకే వచ్చేట్టు కుదిర్చింది. గురువారం కంటైనర్ వస్తుంది, శనివారంలోగా అది రేవుకు చేరాలి, ఆదివారం లారీ సారు విమానం. ఆ ఓడ తప్పితే మళ్లీ ఓడ మూడు వారాలకు. అప్పటికి సారు ఇక్కడ ఉండడు, పడవ నా చేతుల్లో ఉంటుంది. ఈ చివరి మాట నేను అన్నప్పుడు సారు ముఖం ఎందుకు వాడిపోయిందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

కంటైనర్లోకి తోయడానికి వీలుగా పడవ కింద ఇనప బండి ఒకటి చేయించాం. దానికి పాత ఆటోల చక్రాలు నాలుగు వేయించింది నేనే. గ్రీజు కూడా దగ్గరుండి పెట్టించాను. వేలితో తోస్తే కదిలేది. ఇది నేను గొప్పగా చెప్పుకున్న విషయం కాబట్టి మీకూ చెప్తున్నాను.

బుధవారం పొద్దున సారు ఏదో కాగితం మీద సంతకం కోసం బెంగళూరు పోవాల్సి వచ్చింది. ఇన్సూరెన్సు వాళ్లకు పడవ ఫోటో కావాలని మేడం ముందే చెప్పింది. కారెక్కేముందు సారు నాకు ఒకే ఒక్క మాట చెప్పాడు.

"సాయంత్రం గాలి తగ్గుతాది. అప్పుడు నేను వచ్చి తెరచాప ఎత్తుతా. నువ్వు ఎత్తొద్దప్పా."

ఇంగ్లీషులో చెప్పి ఉంటే నాకు సరిగా అర్థం కాలేదని తప్పించుకునేవాణ్ణి. ఆయన స్వచ్ఛమైన ఉరవకొండ తెలుగులో చెప్పాడు.

మధ్యాహ్నం మేడం ఫోన్.

"ఏమయ్యా, నువ్వు పంపిన ఫోటోల్లో కర్రలు, గుడ్డలు, తాళ్లు విడివిడిగా ఉన్నాయి. ఇన్సూరెన్సు వాళ్లు ఇది షామియానా సామాను అంటున్నారు. కర్ర నిలబెట్టి, తెరచాప కట్టి, పూర్తి పడవ ఫోటో పంపు. నాలుగు గంటల్లోగా."

"సాయంత్రం ఆరుకైతే..."

"నాలుగు దాటితే ఈ ఓడకు కాగితాలు పోవు. నీ ఇష్టం."

సారుకు ఫోన్ చేశాను. స్విచాఫ్. ఆఫీసులో లోపలికి పోతే ఫోన్లు బయట పెట్టించుకుంటారని తర్వాత తెలిసింది. నాలుగుసార్లు చేసి, ఇక బాధ్యత నా మీదే పడిందని నిర్ణయించుకున్నాను. ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

గోడౌను ముందు చదును బయలు. తూర్పుగా కొంచెం వాలు. వాలు దిగితే తారు రోడ్డు. మాకు ఆషాఢంలో పడమటి గాలి ఎలా ఉంటుందో ఈ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. గాలిమరలు పెట్టడానికి దేశమంతా వెతికి మా గుట్టలకే వచ్చారు.

హమాలీ ఓబులేసును పిలిచాను. ముప్పై ఏళ్లుగా మూటలు మోసిన మనిషి. ఇద్దరం పడవను బయటికి తోశాం. ఓబులేసు నేను చెప్పకుండానే నాలుగు చక్రాల కింద నాలుగు రాళ్లు పెట్టాడు. కర్ర నిలబెట్టాం, కర్ర అంటున్నాను గానీ అది అల్యూమినియం గొట్టం. మా నాయన గోడౌను మెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు.

"గాలి సూసినావా?" అన్నాడు.

"సూసినా నాయనా. ఫోటోకు గుడ్డ బాగా నిండుతాది."

ఆయన మెట్టు మీద ఇంకొంచెం వెనక్కి జరిగి కూర్చున్నాడు. నాకు చెప్పి ప్రయోజనం లేదని ఆయనకు నా ఏడో తరగతిలోనే తెలిసిపోయింది.

ఓబులేసుకు నా ఫోన్ ఇచ్చి, ముందుగా ఒక ఫోటో తీయించి చూశాను.

"రాళ్లు కనపడతాండాయి ఓబులేసూ. తీసేయి."

"రాళ్లు ఉండేదాన్ని బట్టే బండి నిల్చుకోనుండాది రామాంజీ."

"ఇది ఫారిన్ వాళ్లు సూసే ఫోటో. పడవ కింద రాళ్లుంటే మన ఊరి గురించి ఏమనుకుంటారు?"

"రాళ్లుండాయి అనుకుంటారు."

"తీయప్పా."

తీశాడు. నేను పడవలోకి ఎక్కి తెరచాప తాడు లాగాను. గుడ్డ పైకి పోతూ టపటపా కొట్టుకుంది. ఇలా కొట్టుకుంటుంటే ఫోటోలో బాగా రాదని, కింద కొసను ఇంకో తాడుతో బిగించి కట్టాను. నా జీవితంలో నాకు సరిగ్గా వచ్చిన విద్య అదొక్కటే. లారీ మీద మూటలకు వేసే ముడి. ఉరవకొండలో వేస్తే కలకత్తాలో కత్తితో కోయాలి తప్ప విడిపోదు. అదే ముడి వేశాను.

గుడ్డ కొట్టుకోవడం ఆగింది. నిండుగా ఉబ్బింది, బస్తా నిండినట్టు. నాకు చాలా సంతోషం వేసింది.

"ఇప్పుడు తీయి ఓబులేసూ" అన్నాను.

"నువ్వు పోతాండావు" అన్నాడు ఓబులేసు.

"యాడికి?"

"అది నాకేం తెలుసు. పోతాండావు."

వెనక్కి తిరిగి చూస్తే గోడౌను చిన్నదవుతోంది. మా నాయన మెట్టు మీదినుంచి లేచి నిలబడ్డాడు. ఓబులేసు ఫోన్ కంటికి ఆనించుకునే నా వెంట పరుగెత్తుతున్నాడు. తీయమని చెప్పాను కాబట్టి తీస్తూనే ఉన్నాడు. అలాంటి మనిషి.

"తాడు ఇడ్సిపెట్టు" అని మా నాయన కేక వేశాడు.

విడిచిపెట్టాలనే నాకూ ఉంది. ముడి విప్పడానికి పది వేళ్లూ పెట్టాను, పళ్లు కూడా పెట్టాను. చెప్పాను కదా, మంచి ముడి. దూకేద్దామనుకున్నాను. నేను దూకితే పడవ ఒంటరిగా పోతుంది, దాని మీద ఆ పిల్ల పేరు ఉంది. అందుకే దూకలేదని తర్వాత అందరికీ చెప్పుకున్నాను. నిజానికి కాళ్లు కదల్లేదు.

వాలు దగ్గర పడవ ఇంకా వేగం అందుకుంది. మేకలు తోలుకుని పోతున్న ఒక ముసలాయన పక్కకు జరిగి, అలవాటైన మర్యాదతో, "యాడికి రామాంజీ?" అని అడిగాడు. "ఈడికే" అని కూడా జవాబిచ్చాను. ఏదో ఒకటి చెప్పకుండా పోతే తప్పుగా ఉంటుంది.

రోడ్డు మీద ఎర్రిస్వామి నీళ్ల ట్యాంకరు ఆగి ఉంది. రెండు రోజులకొకసారి వచ్చే ట్యాంకరు. దాని వెనక ఆడవాళ్లు బిందెలతో వరసలో ఉన్నారు. నేను చేతులూపుతూ "జరగండి, జరగండి" అని అరిచాను. పడవ వస్తోంది జరగమంటే ఎవరు జరుగుతారు? కానీ అంత పెద్ద తెల్లగుడ్డ మీదికి వస్తుంటే జరిగారు. బిందెలు కూడా తీసుకుని మరీ జరిగారు. దేవుడి దయవల్ల ఒక్కరికీ ఏమీ కాలేదు.

పడవ ముక్కు సరిగ్గా పోయి ట్యాంకరు కొళాయికి తగిలింది. కొళాయి విరిగిపోయింది. తెరచాప కర్ర వంగి, గుడ్డ నా మీద పడింది. లోపల చీకటి. పైనుంచి నీళ్లు.

గుడ్డ కిందినుంచి బయటికి వచ్చేసరికి పడవలో మోకాళ్ల లోతు నీళ్లలో కూర్చుని ఉన్నాను. ట్యాంకరు నీళ్లన్నీ ధారగా పడవలోకి పడుతున్నాయి. ఎర్రిస్వామి దిగి వచ్చి, పడవను ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి చూశాడు.

"ఏమప్పా ఇది?"

"పడవన్నా."

"ఈడేం పని దానికి?"

"డెన్మార్క్ పోవాల."

"డెన్మార్క్ ఇట్ల కాదు" అన్నాడు ఎర్రిస్వామి. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

ఇంతలో వరసలో ముందున్న లక్ష్మక్క నా పక్కకు వచ్చి, "కొంచెం జరుగు నాయనా, కాలు పెట్టొద్దు నీళ్లల్లో" అని బిందె ముంచింది. వెనకావిడ కూడా ముంచింది. ట్యాంకరు నీళ్లు పారిపోతుంటే చూస్తూ కూర్చునేంత నీళ్లు మా ఊళ్లో ఎన్నడూ లేవు. నన్ను దిగమన్నారు. దిగాను. గంటసేపు ఊరు ఊరంతా పడవలోనుంచి నీళ్లు మోసుకుంది. ఇంతకుముందు తొట్టి అన్నవాళ్లంతా నా వైపు చూసి, మేము చెప్పలేదా అన్నట్టు తలూపారు.

నేను రోడ్డు పక్కన తడిసి కూర్చున్నాను. నవ్వులాట అంతా మీకు ఇప్పుడు. అప్పుడు నా కళ్లు పడవ మీదినుంచి కదల్లేదు. పడవ ముక్కు దగ్గర జానెడు చీలిక. రెండేళ్ల పని. ఆ సాయంత్రం కూడా ఆ పిల్ల ఫోన్ చేస్తుంది. మా నాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తిడతాడని ఎదురు చూశాను. తిట్టలేదు. తువ్వాలు ఇచ్చాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

పొద్దుగూకకముందే సారు కారు వచ్చి ఆగింది. ఆయన దిగి చూశాడు. ఆయన పడవ, అడుగున ఇంకా మిగిలిన నీళ్లు, చుట్టూ ఆడవాళ్లు, బిందెలు. నేను లేచి నిలబడి, "సారు, తప్పు నాదే. మీరు వద్దన్నారు. నేనే ఎత్తినా" అన్నాను.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని పడవ కిందికి వంగాడు. తర్వాత రోడ్డు మీద బోర్లా పడుకున్నాడు. అరచేతితో అడుగంతా తడిమాడు. చాలాసేపటికి లేచి, పొడిగా ఉన్న అరచెయ్యి నాకు చూపించాడు.

"ఒక్క చుక్క కారల్యా" అన్నాడు. "రెండేళ్లు భయపడినా రామాంజీ. నీళ్లు లేవు, టెస్టు చేసేదానికి లేదు. లోపలి నీళ్లు బయటికి పోకపోతే, బయటి నీళ్లు లోపలికి రావు."

చీలిక నీళ్లకు పైనే ఉందని, గాలిమర రెక్కలకు వేసే అతుకే దానికీ చాలని చెప్పాడు. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. ఫ్రేయా. ఆయన దాచలేదు, ఫోన్ తిప్పి పడవను, ట్యాంకరును, నన్ను చూపించాడు. వాళ్ల భాషలో చాలాసేపు చెప్పాడు. ఆ పిల్ల ఏదో అడిగింది.

"ఏమంటాంది సారు?"

"ఎవరు గెలిచినారు అని అడుగుతాంది."

ఫోటో సంగతి మర్చిపోయాననుకోకండి. ఓబులేసు పరుగెత్తుతూ తీసినవాటిలో ఒకటి అద్భుతంగా వచ్చింది. గుడ్డ నిండుగా ఉంది, పడవ కొంచెం ఒరిగి ఉంది, నేను ఒక చెయ్యి పైకెత్తి దూరంగా చూస్తున్నాను. మూడు గంటల యాభై నిమిషాలకు, నేను అడగకుండానే, ఓబులేసు దాన్ని మేడంకు పంపించేశాడు. ఆవిడ జవాబు రాసింది. "చాలా బాగుంది. ఇలాంటివే కావాలి. నీళ్లు మాత్రం ఫ్రేములోకి రాలేదు, పర్వాలేదు."

తర్వాత జరిగిందంతా నేనే ఆమెకు ఫోన్లో చెప్పాను. ఆ రోజు నిట్టూర్పు మామూలుకంటే పొడుగ్గా వచ్చింది. అతికిన చోటు ఫోటో కూడా తీసి పంపమని, కాగితాల్లో అతుకు అని రాస్తానని చెప్పి పెట్టేసింది. గురువారం పొద్దున మా ఎండకు అతుకు రెండు గంటల్లో రాయిలా గట్టిపడింది. వంగిన కర్రను వెల్డింగ్ షాపులో సరిచేయించాం. మధ్యాహ్నం ఓబులేసు, నేను, ఎర్రిస్వామి, మా నాయన కూడా ఒక చెయ్యి వేసి, పడవను కంటైనర్లోకి తోశాం. ఈసారి గోడౌను అవతలివైపునుంచి, గాలికి ఎదురుగా.

ఎర్రిస్వామి ట్యాంకరు ఇన్సూరెన్సు ఒకటి మిగిలింది. వాళ్లు ఫోన్ చేస్తే ఎర్రిస్వామి నాకిచ్చాడు.

"ఏ బండి గుద్దింది?" అన్నాడు అవతలి మనిషి.

"పడవ సార్."

"పడవ తీసుకుపోతున్న లారీయా?"

"కాదు సార్. పడవే."

"నంబరు?"

"నంబరు ల్యాదు. ఫ్రేయా అని పేరుండాది."

"ఫ్రేయా డ్రైవరా?"

"డ్రైవరు నేనే సార్."

"లైసెన్సు ఉందా?"

"స్కూటరుది ఉండాది."

ఆయన ఫోన్ పెట్టేశాడు. కొళాయి నేనే వేయించాను.

రెండు నెలలకు లారీ సారు వీడియో పంపించాడు. నీలంగా, కళ్లు చాలనంత నీళ్లు. ఆ నీళ్ల మీద పడవ. అందులో ఎర్రటి జాకెట్ వేసుకుని ఆ పిల్ల ఒక్కతే కూర్చుని తాడు పట్టుకుంది. పడవ మెల్లగా, ఒయ్యారంగా పోతోంది. మా నాయనకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూశాడు. మళ్లీ పెట్టమని ఇంకోసారి చూశాడు.

"ఏమిరా ఇది, ఇంత నిదానంగా పోతాంది" అన్నాడు. "నీళ్లు ల్యాకుండానే నువ్వు ఇంతకంటే జోరుగా పోతివి గదరా."

నా జీవితంలో మా నాయన నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే. దాన్ని గుండెల్లో పెట్టుకుని, భూమ్యాకాశాల సాక్షిగా ఒక ప్రతిజ్ఞ చేశాను. ఆషాఢమాసంలో, పడమటి గాలి వీచేవేళ, దుప్పటి కంటే పెద్దదైన ఏ గుడ్డనూ నా చేత్తో పైకెత్తను. దుప్పటి విషయంలో కూడా, రెండో కొస మా ఆవిడ పట్టుకుంటేనే.